నైరుతి మూల నుయ్యి

మొన్న మాఘమాసంలో దివిసీమలో ఒక పూర్వశిష్యుని గృహప్రవేశానికి వెళ్ళి, మధ్యాహ్నపు ఎండలో మచిలీపట్నానికి తిరిగి వస్తూ, మూడు దారులు కలిసే ఒక కూడలి దగ్గర కారు ఆపించాను. దాహం వేసిన మాట నిజమే గాని, ఆపించింది అందుకు కాదు. రోడ్డుకు ఒక పక్కన రేకుల షెడ్డు, దాని ముందు దించిన షట్టరు, షట్టరు మీద గాలికి చిరిగి వేలాడుతున్న ఫ్లెక్సీ కనిపించాయి. ఫ్లెక్సీ మీద ఒక బిర్యానీ పళ్ళెం, నవ్వుతున్న ఒక యువకుని ముఖంలో సగం మిగిలి ఉన్నాయి. క్రిందటి శ్రావణంలోనే ప్రారంభించినట్టు దాని మీద తేదీ ఉంది. ఎదుట కొబ్బరిబోండాలు కొడుతున్న మనిషిని హోటలు ఎందుకు మూశారని అడిగాను. అతడు కత్తి ఆపకుండానే చెప్పాడు. “అది అచ్చిరాని చోటండి. ఎవరెట్టినా ఏడాది తిరగదు. పూర్వం నైరుతి మూల నుయ్యుండేదంట. పూడ్చేసినా దోషం పోలేదంటారు. ఎవరో పెద్ద పండితుడు అప్పుడే చెప్పాడంట.” బోండాం చేతికిచ్చి, “మీరేమన్నా పెడదామని చూస్తన్నారా ఏంటి కొంపదీసి,” అని నవ్వాడు. లేదన్నాను. ఆ పండితుణ్ణి నేనేనని మాత్రం చెప్పలేకపోయాను.

నేను పెరిగినది బందరులో, మాతామహుల ఇంట. తాతగారు వృత్తిచేత ఉపాధ్యాయులు, ప్రవృత్తిచేత కడదాకా విద్యార్థి. స్నానం ముగించి, వీధి అరుగు మీద చాప పరచుకొని, ఎదుట నన్ను కూర్చోబెట్టుకొని, కావ్యమైతే కావ్యం, నిఘంటువైతే నిఘంటువు, రెండు గంటలసేపు వల్లె వేయించేవారు. వంటింట్లో అమ్మమ్మ రాజేసిన కుంపటి బొగ్గు వాసన, పెరట్లో తడిసిన వేపాకు వాసన, తాతగారి ఉత్తరీయం నుంచి కర్పూరమూ ముక్కుపొడుమూ కలిసి వచ్చే వాసన, ఈ మూడూ తోడు రానిదే ఈనాటికీ నాకొక పద్యం పూర్తిగా జ్ఞప్తికి రాదు. ఆయన బీరువాలో కావ్యాల సరసనే జ్యోతిషమూ వాస్తువూ ఉండేవి. వాటినీ చెప్పారు. అయితే వాస్తు గ్రంథం విప్పిన ప్రతిసారీ, “ఇది తెలుసుకోడానికిరా, ఊరికి చెప్పడానికి కాదు,” అని ఒక మాట హెచ్చరించేవారు. ఎందుకని అడిగితే, “చెప్పినవాడు ఇంటికెళ్ళి భోంచేస్తాడు. విన్నవాడు ఆ ఇంట్లో పడుకోవాలి,” అన్నారొకసారి.

ఆయనకు మరొక అలవాటు ఉండేది. ఏ ఊరు వెళ్ళినా, ఆతిథ్యమిచ్చిన ఇంట మంచినీళ్ళు పుచ్చుకొని, మింగకముందు నాలుక మీద క్షణకాలం నిలిపి, “చెరువు నీరు. కాలువ కట్టేసి నెల దాటింది,” అనో, “ఈ నూతికి ఊట పడమటి నుంచి వస్తోంది,” అనో చెప్పేవారు. ఇంటివారు తెల్లబోయి అవునండీ అనేవారు. సముద్రానికి చేరువలో, కాలువల దయమీద బతికే మనుషులకు అది ఒక విద్య అని నాకప్పుడు తెలియదు, వృద్ధుల చాదస్తమనుకున్నాను. ఆయన శాస్త్రాన్ని నేర్చుకున్నాను గాని ఆయన నాలుకను నేర్చుకోలేదు. తరువాత జరిగినదంతా ఈ లోపం నుంచి పుట్టినదే.

ప్రాచ్య కళాశాలలో పట్టం పుచ్చుకొని, సర్కారు కొలువు కోసం ఎదురుచూస్తున్న రోజులలో, దివిసీమలో ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెప్పడానికి కుదిరాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. బసకు ఆ కూడలిలోనే, ఒక హోటలు వెనుక గది దొరికింది. హోటలు నడిపేవారు వెంకటరత్నం గారు. నలభై దాటిన మనిషి. పొట్టిగా, గుండ్రంగా, భుజం మీద ఎప్పుడూ తడి తువ్వాలుతో ఉండేవారు. ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు. వారికి సంతానం లేదు. స్థలం వేరొక ఆసామిది. పెంకుటింటి ముందు భాగం హోటలు, వెనుక భాగం వారి కాపురం, ఆ వెనుక నా గది. చేరిన వారం లోపలే ఆమె నన్ను తమ్ముడూ అనడం, నేను అక్కయ్యా అనడం, ఆ వరసన ఆయన నాకు బావగారు కావడం జరిగిపోయాయి. ఆయన మాత్రం మాస్టారూ అనే పిలిచేవారు. “వరసకి బావమరిదే గానండీ, చదువుకున్నోరు కదా. ఏరా అనడానికి నోరు రాదు,” అనేవారు.

తెల్లవారకముందే గిలక కిర్రుమనడంతో నాకు మెలకువ వచ్చేది. అక్కయ్య నీళ్ళు తోడి బిందెలు వరసగా పెట్టేది. బావగారు ఊక పొయ్యి దట్టించి రాజేసేవారు. ఊక మండేటప్పుడు వచ్చే ఆ తియ్యని ఘాటు వాసన పెంకుల సందుల నుంచి బయటికి పోయి, పొలాల మీది మంచులో కలిసేది. పెసరపిండి రుబ్బు, అల్లం దంచిన వాసన, తరువాత కాఫీ. ఆ కాఫీ కోసం బస్సు డ్రైవర్లు రెండు నిమిషాలు ఆగవలసిన చోట పది నిమిషాలు ఆగేవారు. ఆ స్టేజీకి వేరొక పేరున్నా, కండక్టర్లు “నూతికాడ, నూతికాడ” అనే కేకవేసేవారు. ఎందుకంటే కాఫీ రహస్యం పొడిలో లేదు, పాలలో లేదు. పెరట్లో నైరుతి మూలను మట్టి ఒరలు దించిన ఒక చిన్న నుయ్యి ఉండేది. చుట్టూ చౌడు భూమి, ఎక్కడ తవ్వినా ఉప్పునీరు, ఆ ఒక్క నూతిలో మాత్రం కొబ్బరినీళ్ళ వంటి నీరు. కందిపప్పు ఆ నీళ్ళలో ఒక్క పొంగుకే మెత్తబడేది. తీరం నుంచి చేపల గంపలతో బందరు బజారుకు వెళ్ళే స్త్రీలు అక్కడ దిగి, ఇడ్లీ తిని, సీసాలు నింపుకొని తరువాతి బస్సు ఎక్కేవారు. వారిలో నాంచారమ్మ అని ఒకామె, బావగారి కంటె పెద్దది, ప్రతిరోజూ కాఫీ గ్లాసు దించుతూ, “రత్నం, నీ మొహం చూసి రావటల్లేదయ్యా, నీ నుయ్యిని చూసి వస్తన్నా,” అనేది. “మొహం చూట్టానికి మీ ఆయన లేడా,” అని బావగారు, “ఉన్నాడు గనకే నీ నుయ్యి చూసుకుంటన్నా,” అని ఆమె. పెరట్లో అక్కయ్య నవ్వు వినిపించేది.

ఆ సంవత్సరాలలో డెల్టా అంతటా వాస్తు ఒక జ్వరంలా వ్యాపించింది. నిక్షేపంగా నిలబడి ఉన్న ఇళ్ళకు మెట్లు పగలగొట్టి అటు పక్కకు మార్చేవారు. తాతల నాటి సింహద్వారాలు మూసి, గోడకు కన్నం పొడిచి కొత్త గుమ్మాలు నిలబెట్టేవారు. బస్టాండులో పల్లీలు అమ్మే బల్ల మీద కూడా వాస్తు పుస్తకాలు ఉండేవి. గ్రంథం చూడనివారంతా శాస్త్రం చెబుతుండగా, మూలం కంఠస్థంగా ఉన్న నన్ను ఎవరూ ఏమీ అడగకపోవడం నాకు లోలోపల చిన్నతనంగా ఉండేది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. కాని ఇది రాయకపోతే మిగిలినది రాయడంలో అర్థం లేదు.

ఆ కార్తికంలో అక్కయ్యకు జ్వరం పట్టుకుంది. బందరు తీసుకువెళ్ళి చూపిస్తే టైఫాయిడ్ అన్నారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. హోటలులో పిండి పులిసిపోయేది, బావగారు పొయ్యి దగ్గర నిలబడి దోసె తిప్పడం మరచిపోయేవారు. ఒక మధ్యాహ్నం నా గది గుమ్మం దగ్గరికి వచ్చి, తువ్వాలు మెలిపెడుతూ నిలుచున్నారు.

“మాస్టారూ, మీ పుస్తకాల్లో మా ఇంటి సంగతేమన్నా ఉంటదా?”

మందులు వాడండి, తగ్గుతుంది అని నేనన్నట్లయితే ఆయన వెళ్ళిపోయేవారు. అనలేదు. పాఠశాల నుంచి తెచ్చిన దిక్సూచి తీసుకొని పెరడంతా కలయదిరిగాను. నూతి దగ్గర ఆగాను. నైరుతి కూపాన్ని గురించిన శ్లోకం రాగయుక్తంగా చదివి, అర్థం చెప్పాను. ఆ మూలను నుయ్యి ఉంటే ఇల్లాలికి ప్రాణగండమనీ, జలస్థానం ఈశాన్యమనీ, దీన్ని పూడ్చి అక్కడ నీరు తీసుకోవలసిందనీ చెప్పాను. ఆయన ఒర మీదికి వంగి నూతిలోకి చూశారు.

“ఖాయమేనంటారా?”

“శాస్త్రం అంటోంది బావగారూ.”

“శాస్త్రం నాకేం తెల్సండి. మీరేమంటారు?”

“నేనూ అదే అంటాను,” అన్నాను.

ఆ వారంలోనే పూడ్చారు. ఎడ్లబండ్లతో చేలగట్టు మట్టి తోలించారు. పసుపు కుంకుమ చల్లి, మొదటి దోసెడు మట్టి నాచేతనే వేయించారు. ఆ నుయ్యి లోతు లేదు. మట్టి నీళ్ళలో పడిన చప్పుడు వెంటనే వినిపించింది. మంచం మీద నుంచి అక్కయ్య నీరసంగా, “ఒరేయ్ తమ్ముడూ, ఇన్నాళ్ళూ దాని నీళ్ళు తాగాం కదా. దణ్ణం పెట్టారా?” అని అడిగింది. పెట్టామని అబద్ధమాడాను. ఈశాన్యంలో బోరు దించారు. కాలువ నిండుగా పారుతున్న రోజులు కావడంవల్ల బోరులో మొదట నీరు బాగానే వచ్చింది. పదిహేను రోజులలో అక్కయ్య లేచి తిరిగింది. డాక్టరు గారి మాత్రలకు తగ్గవలసిన వేళకే తగ్గింది. కాని మాత్రలను తలచుకున్నవారు లేరు. నా పేరు మాత్రం గూడూరు దాకా, పామిడిముక్కల దాకా, తోట్లవల్లూరు దాకా వెళ్ళింది. ఆదివారమైతే నా గది ముందు చెప్పుల జతలు కనిపించేవి. వచ్చినవారు నన్ను పంతులుగారూ అని పిలుస్తూ నిలబడి మాట్లాడేవారు. నాకు అది నచ్చింది.

చైత్రంలో పైన లాకులు మూశారు, కాలువలు ఎండాయి. బోరు తన అసలు రుచి చూపించింది. పప్పు ఎంతసేపు ఉడికినా పలుకు పలుకుగానే ఉండేది. పొద్దున వండిన అన్నం మధ్యాహ్నానికి పచ్చబడేది. పాలు పొంగడానికి ముందే విరిగేవి. బావగారు పాలవాణ్ణి మార్చారు. పప్పు పాతదేమోనని కొట్టు మార్చారు. సహాయానికి ఉన్న వంటమనిషిని మార్చారు. ఒకనాడు నాంచారమ్మ కాఫీ గుక్క నోట్లో పోసుకొని, పక్కకు తిరిగి ఉమ్మివేసి, గ్లాసు బల్లమీద పెట్టింది.

“ఏమయ్యా రత్నం, మా సముద్రాన్ని తెచ్చి గ్లాసులో పోశావేంటి? ఇది తాగటానికైతే మేం ఇంటికాడే ఉందుం కదా.”

“ఎండాకాలం కదా నాంచారమ్మా, వానలు పడితే సర్దుకుంటది,” అన్నారు బావగారు.

“వానలకి సర్దుకునేది కాదు. నోరున్న నుయ్యి నోరు మూశారు,” అని గంప నెత్తికెత్తుకుంది. మరునాటి నుంచి ఆ స్త్రీలు ఎవరూ అక్కడ దిగలేదు. వారు దిగకపోవడంతో బస్సులు ఎక్కువసేపు ఆగడం మానేశాయి.

ఆ వైశాఖంలోనే కోటయ్య గారనే వృద్ధ రైతు నన్ను చేలగట్టు మీద నిలదీశారు. ఆ చుట్టుపక్కల నేల ఆయనకు అరచేతి గీతలంత తెలుసు. పూర్వం కృష్ణ పాయ ఒకటి ఆ కూడలి మీదుగా సముద్రానికి పోయేదట. పాయ పూడి, ఇసుక మేటవేసి, ఆ ఇసుక కింద కళ్ళమంత వెడల్పున వాననీరు నిలిచిపోయిందట. ఆ మేర దాటి పది అడుగులు ఇవతలికి వస్తే ఉప్పు. “మీ నుయ్యి తవ్వినోళ్ళు దిక్కు చూసి తవ్వలేదండీ. నాలికతో చూసి తవ్వారు,” అన్నారు. “రత్నానికి చెప్పాను. వింటాడు, తలూపుతాడు, లేచిపోతాడు. మీరు చెప్పండి. మీ మాటైతే వింటాడు.”

చెబుతానన్నాను. గదికి వచ్చాను. గది ముందు ఆ సాయంత్రం గూడూరు నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు చేతులు కట్టుకొని నిలబడి ఉన్నారు. ఇక్కడ నేను పొరబడ్డానని ఒక్కసారి అంటే, అంతకుముందు చెప్పిన పాతిక ఇళ్ళ సంగతి ఏమవుతుంది? తాతగారి చెవిని పడితే ఏమంటారు? రేపు చెబుదామనుకున్నాను. రేపు వచ్చింది. మరొక ఉపాయం వెదికాను: కాలువ వదలగానే కావిళ్ళతో నీరు మోయించుకోమన్నాను. మోయించారు. వానాకాలంలో కొందరు తిరిగి వచ్చారు. రెండవ ఎండాకాలం వచ్చేసరికి వారి కాళ్ళు మరొక చోటికి అలవాటు పడిపోయాయి. ఆ ఆషాఢంలో హోటలు మూసి, రుబ్బురోలూ ఇడ్లీ పాత్రలూ ఒక ట్రాక్టరు మీదికి ఎక్కించి, వారిద్దరూ గుడివాడ వెళ్ళిపోయారు. అక్కడ పెళ్ళిళ్ళకు వంట చేసే ఒకరి దగ్గర బావగారికి పని కుదిరింది. బయలుదేరేముందు ఆయన నా ఎదుట నిలబడి, “ఏమన్నా చెప్తారా మాస్టారూ?” అన్నారు. క్షేమంగా వెళ్ళి రమ్మన్నాను.

తరువాత ఆ చోటికి ఎందరు వచ్చారో వరసగా చెప్పలేను. భోజనాల మెస్సు ఒకటి, పరోటాల దుకాణం ఒకటి, బేకరీ ఒకటి, రంగు దీపాలు పెట్టి కుటుంబాలు కూర్చునే గదులు కట్టిన రెస్టారెంటు ఒకటి. పెంకుటిల్లు తీసి రేకులు వేశారు. మొదట మునిగినవారు ఆ బోరు నీటివల్లనే మునిగారు. కాని మునిగిన ప్రతివాడూ నైరుతి దోషం వల్లనే మునిగానని చెప్పి వెళ్ళేవాడు. వచ్చే ప్రతివాడూ అది విని, పూడ్చిన మూల మీద మరింత మట్టి పోయించి, ఎత్తు చేయించి, బరువు పెట్టించేవాడు. ఉన్న ఒక్క మంచినీటి ఊట మీద అలా ఏటేటా బరువు పెరిగింది. ఆ తరువాత ఇరవై లీటర్ల నీళ్ళ టిన్నులు వచ్చాయి. ఈనాడు ఆ కూడలిలో ఏ దుకాణానికైనా నీరు వ్యాన్లో వస్తుంది; నేల కింద ఉప్పు ఉన్నా తీపి ఉన్నా ఎవరికీ పట్టదు. న్యాయంగా అయితే ఆ చోటు శాపం ఆనాటితో తీరిపోవలసింది. తీరలేదు. ఇప్పుడు అక్కడికి వచ్చేవాడు భయపడుతూ వస్తాడు. ఏడాది కంటె ఎక్కువ ఉండనేమోనని మంచి వంటమనిషిని పెట్టుకోడు, సరుకు సగమే తెస్తాడు, బల్లలు అద్దెకు తెస్తాడు. ఓడిపోతానని అనుకుంటూ పోసిన దోసె రుచి తినేవాడికి తెలిసిపోతుంది. తినేవాడు కూడా, ఎలాగూ రేపు ఉండని హోటలు కదా అని, అలవాటు చేసుకోడు. కొన్ని చోట్లు ఎందుకు అచ్చిరావని లోకులు అడుగుతూ ఉంటారు. తొలిసారి పోవడానికి ఒక కారణం ఉంటుంది, అది నేలలోనో నీటిలోనో దారిలోనో ఉంటుంది. రెండవసారి నుంచి ఆ కారణంతో పని లేదు. మొదటివాడు పోయాడన్న మాటే చాలు.

ఒకప్పుడు మనుషులు నీటిని నోట్లో పోసుకొని ఊరి పేరు చెప్పేవారు. ఇప్పుడు నీటికి ఊరే లేదు. అప్పటి మనుషులు తెలివైనవారనీ ఇప్పటివారు కారనీ నేననను. ఆనాడు నాలుక తెలిసిన మనుషుల నడుమ కూర్చొని, వారి నాలుకల మీద నా శ్లోకాన్ని గెలిపించినవాణ్ణి నేనే. గెలిపించడం ఎంత తేలికో, ఓడించడం అంత కష్టమని తరువాత తెలిసింది. ఈ బిర్యానీ హోటలు సంగతి నాకు తెలియలేదు గాని, అంతకుముందు ఇరవై ఏళ్ళలో ఆ చోటు తీసుకున్న ప్రతివారి దగ్గరికీ నేను వెళ్ళాను. ఆ మాట అన్నది నేనే, అది తప్పు, నిశ్చింతగా వ్యాపారం చేసుకోండి అని చెప్పాను. బేకరీ పెట్టినాయన నాకు కుర్చీ వేసి, జాలిగా చూసి, “ఊరుకోండి బాబాయిగారూ. ఆ పండితుడు పోయి చాలా కాలమైందంటండీ. కాశీలో చదివినాయనంట,” అన్నాడు. కాదు నాయనా, నేనే అన్నాను. “మా ధైర్యం కోసం చెప్తన్నారు, పెద్ద మనసండీ మీది,” అని రెండు బిస్కెట్లు కాగితంలో పెట్టి ఇచ్చాడు.

అంత ఆలస్యంగానైనా నేను నోరు విప్పడానికి కారణం ఒక పెన్సిలు రాత. తాతగారు గతించిన తరువాత ఆయన బీరువా సర్దుతూ వాస్తు గ్రంథం తెరిస్తే, నేను ఆ పెరట్లో రాగం తీసి చదివిన శ్లోకానికి ఎదురుగా, అంచున, ఆయన దస్తూరీలో సన్నగా ఒక మాట రాసి ఉంది: ‘ఊట ఉన్న చోటే ఈశాన్యమనుకోవాలి.’ నాకు పాఠం చెప్పేనాటికే రాసి ఉంటారు. పక్కన శ్లోకపు అచ్చు వెలిసినంతగా ఆ పెన్సిలూ వెలిసింది. ఆ పుస్తకం అక్కడే మూసి, మరునాడు గుడివాడ బస్సెక్కాను. అప్పటికి వారు హోటలు మూసి ఏడెనిమిదేళ్ళయింది. రైలు గేటుకు అవతల చిన్న వాటాలో ఉంటున్నారు. బావగారికి మోకాళ్ళు వాచాయి. అరుగు మీద కాళ్ళు చాపుకొని కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. అక్కయ్య జుట్టు నెరిసింది, మనిషి దిట్టంగా ఉంది. “తమ్ముడొచ్చాడయ్యో,” అని లోపలి నుంచే గుర్తుపట్టింది.

కూర్చోకుండానే చెప్పాను. నుయ్యిని గురించి చెప్పాను, కోటయ్య గారి మాట చెప్పాను, ఆ మొదటి వైశాఖంలోనే నాకు అంతా తెలుసనీ, నా పరువుకోసం నోరు మూసుకున్నాననీ చెప్పాను. బావగారు ఈనె తీయడం ఆపలేదు.

“పదిహేనేళ్ళు ఆ నీళ్ళతో కాఫీ పెట్టినోణ్ణి మాస్టారూ. నాకు నాలిక లేదనుకున్నారా? ఉగాది పచ్చడి నోట్లో పెట్టుకున్నప్పుడే తెల్సింది.”

“తెలిసి పాలవాణ్ణెందుకు మార్చారు?”

“ఏదోటి మార్చాలి కదండీ. ఊరికే కూర్చుంటే ఇది అడుగుద్ది,” అని అక్కయ్య వైపు తల ఊపారు.

“అడిగాను కూడా,” అంది అక్కయ్య గుమ్మంలో నిలబడి. “నా పేరు చెప్పి నుయ్యి పూడ్చావు, నా పేరు చెప్పి హోటలు మూస్తావా, తవ్వించు, నాకేమవుద్దో చూద్దాం అన్నాను. వినలేదు తమ్ముడూ. ఓ మజ్జానం నేనే పలుగు తీసుకుని రెండు పోట్లు పొడిచాను. లాక్కున్నాడు. ఆ పలుగు పట్టుకెళ్ళి కాలవలో పారేసొచ్చాడు.”

“కాలవలో నీళ్ళు లేవు. పక్కింటోళ్ళు తెచ్చుకున్నారు,” అన్నారు బావగారు.

“అదొకటి. మళ్ళీ కొత్త పలుగు కొన్నాం.”

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. “అది నిజమని నమ్మారా మీరు?” అన్నాను.

“నమ్మటం ఏముందండీ. నిజమైతేనో? జ్వరంలో దీని చెయ్యి ఎలా కాలిపోయిందో నాకు తెల్సు. ఉప్పునీళ్ళకైతే హోటలే పోద్ది కదా అనుకున్నా. పిల్లా జెల్లా లేనోళ్ళం. నాకున్నది ఇదొక్కతే.” ఆయన చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. “కోటయ్యగారు చెప్పాడు. నాంచారమ్మ చెప్పింది. ఇదీ చెప్పింది. అందరూ నిజమే చెప్పారు. వాళ్ళ మాటకి నా చెయ్యి లేవలేదు మాస్టారూ. భయం పెట్టింది మీరు కదా. మీరొకసారి వచ్చి, బావగారూ, ఏం కాదు, తవ్వండి అనుంటే ఆ పూటే తవ్వేవాణ్ణి. గది తలుపు చప్పుడైనప్పుడల్లా అందుకే వస్తన్నారేమో అనుకునేవాణ్ణి. రెండు ఎండాకాలాలు చూశాను.”

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. బస్సు కోసం చాలాసేపు నిలబడి, ఎంతకీ రాకపోతే నడిచి వెళ్ళిపోయిన మనిషి, ఆ సంగతి ఎప్పటికో బస్సు నడిపినవాడికే చెప్పినట్టు, మామూలుగా చెప్పారు.